నీళ్లల్ల నానిన వేళ్లు

సోలాపూర్‌లో మన తెలుగోళ్లకు రాఖీ పున్నమి అంటే మార్కండేయుని రథం. ఆ రోజు మా ఇంటినిండా చుట్టాలే. భీవండి నుంచి ఆడబిడ్డ, పూణె నుంచి మరిది, సిరిసిల్ల నుంచి మా పెద్దమ్మ కొడుకు, వాళ్ల పిల్లలు. రెండు పూటలా కలిపితే నలభై విస్తళ్లకు తక్కువ లేదు. ముందురోజే దేవుని సామాను, ఇత్తడి బిందెలు, రాగి చెంబులు చింతపండు పెట్టి తోమాను. పండుగ నాడు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి పదకొండుకు ఒకసారి మోరీ దగ్గర కూర్చున్నాను. రథం మా సందు మలుపు దాకా వచ్చినప్పుడు కూడా నా చేతులకు సబ్బు నురగే. కొంగుతో తుడుచుకుంటూ పోయి దండం పెట్టుకుని వచ్చాను.

మూడోనాడు కుడిచేతి చూపుడువేలి గోరు పక్కన సలపడం మొదలైంది. గోరుచుట్టే కదా అనుకున్నాను. మా అవ్వ చేసినట్టే నిమ్మకాయకు బొక్క చేసి వేలికి తొడుక్కుని పడుకున్నాను. మంటకు తెల్లవార్లూ నిద్ర లేదు. తెల్లవారి చూస్తే వేలు వాచి ఎర్రగా, గోరు పక్కన పచ్చగా చీము. చాట ఒళ్లో పెట్టుకుని బీడీ చుట్టబోతే వేలు ఆకుకు తగిలినప్పుడల్లా ప్రాణం పోయినట్టయింది. ఆ రోజు పొద్దుగూకేదాకా కూర్చుంటే నూట యాభై బీడీలు కూడా కాలేదు. అవీ వదులు వదులుగా. కార్ఖానాలో తీసుకోకుండా పక్కన పడేసే రకం.

నాకు ఇప్పుడు యాభై ఎనిమిది. పదమూడో ఏట చాట పట్టినదాన్ని. చిన్నప్పుడు వెయ్యి పైన చుట్టేదాన్ని, ఇప్పుడు రోజుకు ఎనిమిది వందలు. జ్వరంలో చుట్టాను, బాలెంతగా ఉన్నప్పుడు చుట్టాను. ఒక్క వేలు నన్ను కూర్చోబెడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

డాక్టరు అడిగిన మాట

బీడీ కార్డు పట్టుకుని కార్మికుల దవాఖానాకు పోయాను. డాక్టరమ్మ చిన్న గాటు పెట్టి చీము తీసింది, మందు రాసింది. నేను లేవబోతుంటే "కూర్చో మావశీ" అని రెండు చేతులూ వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూసింది. ఒక్క వేలు కాదు. నాలుగు వేళ్లకు గోరు మొదలు ఉబ్బి ఉంది. గోరుకూ కండకూ నడుమ ఉండే సన్నని పొర నాకు లేనే లేదు. వేళ్ల సందులు తెల్లగా మెత్తబడి ఉన్నాయి. బొటనవేళ్లకు అడ్డంగా పగుళ్లు.

"రోజుకు ఎన్నిసార్లు చేతులు తడుస్తాయి?" అని అడిగింది.

నేనేం చెప్పగలను? ఎవరైనా లెక్కపెడతారా? "ఆడమనిషికి తడవకుండా ఉంటాయా బాయీ" అన్నాను.

ఆమె నవ్వలేదు. రోజుకు ఇరవైసార్లకు మించి చేతులు తడిసినా, మొత్తం మీద రెండు గంటలకు మించి తడిలో ఉన్నా చర్మం తట్టుకోదని చెప్పింది. గోరు దగ్గరి ఆ సన్నని పొర తలుపు లాంటిదట. అది ఊడిపోతే నీళ్లు, సబ్బు, క్రిములు నేరుగా లోపలికి పోతాయి. గోరుచుట్టు మళ్లీ మళ్లీ వస్తుందని చెబితే షుగరు పరీక్ష కూడా రాసింది. షుగరు ఉన్నవాళ్లకు ఇది ఊరికే వస్తుంది, త్వరగా తగ్గదు. నాకు లేదని తేలింది. అంతవరకు దేవుని దయ.

చివరికి చీటీ మీద మందులు రాస్తూ ఒకే మాట మూడుసార్లు చెప్పింది. "హాత్ కోరడే ఠేవా, మావశీ." చేతులు పొడిగా ఉంచు. మూడు వారాలు.

మూడు వారాలు! ఎనిమిది వందల చొప్పున ఇరవై ఒక్క రోజులు. దాదాపు పదిహేడు వేల బీడీలు. దారి పొడుగునా అదే లెక్క వేసుకుంటూ ఇంటికి వచ్చాను.

గోడ మీద గీతలు

ఇంటికి వచ్చాక డాక్టరమ్మ ప్రశ్న తలలోనే తిరిగింది. నా పని అంతా కోడలి మీద పడింది కదా, ఆమె చేతులు ఎన్నిసార్లు తడుస్తాయో చూద్దామని మోరీ పక్క గోడ మీద సుద్దముక్కతో గీతలు పెట్టాను. చేయి తడిసిన ప్రతిసారీ ఒక గీత. మరుసటి పొద్దున మొదలుపెట్టి రాత్రి పడుకునేసరికి ముప్పై నాలుగు గీతలయ్యాయి.

గిన్నెలు తోమింది నాలుగుసార్లే. కాని ఆ నాలుగూ కలిపితే గంటన్నర దాటింది. ఇక బట్టలు. బియ్యం, పప్పు కడగడం. జొన్నపిండి తడపడం. పిల్లవాడి ముక్కు, మూతి కడగడం. గచ్చు తుడవడం. బీడీ పని మీద ఇంకో లెక్క. తునికాకు పెళుసుగా ఉంటే చుట్టరాదు గనక నీళ్లు చల్లి తడిగుడ్డలో చుట్టి పెడతాం. ఆ తడి ఆకు మీదే గంటలు గంటలు వేళ్లు ఆడతాయి. తంబాకు చేతులతో పిల్లవాణ్ని ముట్టుకోరాదని లేచినప్పుడల్లా సబ్బుతో కడుక్కోవడం. పగిలిన వేలికి తంబాకు పొడి తగిలితే ఎట్లుంటుందో చాట పట్టిన ప్రతి ఆడమనిషికీ తెలుసు, నేను చెప్పనక్కర లేదు.

మా ఆయన ఆ గీతలు చూసి "గిదేంది, గోడ ఖరాబు చేస్తున్నవ్" అన్నాడు. సంగతి చెప్పాను. ఆయన మాట్లాడలేదు. వేలితో ఒక్కొక్క గీతనూ లెక్కపెట్టుకుని లోపలికి పోయాడు.

మా ఆయన మిల్లు మూతపడేదాకా మిల్లులో, ఆ తర్వాత మరమగ్గాల కార్ఖానాలో పనిచేసిన మనిషి. చర్మానికి తనదైన నూనె జిడ్డు ఉంటుందని, అదే నీళ్లను లోపలికి పోనియ్యదని, సబ్బు గిన్నె జిడ్డుతో పాటు చేతి జిడ్డునూ లాగేస్తుందని, వేడినీళ్లయితే ఇంకా ఎక్కువని డాక్టరమ్మ చెప్పిన మాటలు నేను ఆయనకు చెప్పాను. ఆయన వెంటనే "అంటే గంజి పోయిన నూలు అన్నట్టు" అన్నాడు. "పడుగుకు గంజి పట్టకపోతే మగ్గం మీద పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతయ్. నీ చేతులకు గంజి పోయింది." నాకు డాక్టరమ్మ మాటకంటే ఆ మాట బాగా అర్థమైంది. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం, మళ్లీ ఆరడం. ప్రతిసారీ చర్మం ఉబ్బి, ముడుచుకుని, చివరికి పగులుతుంది.

ఆ నెల రేషన్ దుకాణంలో ఇంకో సంగతి జరిగింది. చూపుడువేలికి కట్టు ఉంది గదా అని మిషన్ మీద బొటనవేలు పెట్టాను. తీసుకోలేదు. ఎడమచేతిదీ తీసుకోలేదు. తుడిచి పెట్టాను, నొక్కి పెట్టాను. దుకాణమాయన "వేలికి గీతలే లేవమ్మా, ఇంట్లో ఇంకెవరినన్నా పంపు" అన్నాడు. నా వెనక నిలబడ్డ మన వాడ ఆడవాళ్లు ఇద్దరు తమ వేళ్లు చూసుకున్నారు. ఆకు రాపిడి, గిన్నెల రాపిడి, సబ్బు, నీళ్లు. నలభై ఐదేళ్లలో నా వేలి గుర్తు నేనే తోమేసుకున్నాను.

మా అవ్వ చేతులు

మూడు వారాలు ఊరికే కూర్చుంటే మనసు పాతకాలానికి పోతుంది. భద్రావతి పేటలో మేమున్న చాళీలో పన్నెండు ఇళ్లకు ఒకటే నల్లా. అప్పటికి గిన్నెల సబ్బు అనే మాట లేదు. పొయ్యి బూడిద, కొబ్బరి పీచు. జిడ్డు పోకపోతే బట్టల సోడా. తడిసిన బూడిద క్షారం, సోడా కూడా క్షారమే. జిడ్డును కోస్తుంది గనకనే గిన్నె మెరుస్తుంది. చేతిని కూడా అట్లనే కోస్తుంది.

మా అవ్వ చలికాలం వస్తే రాత్రి దీపం కింద కూర్చుని బొటనవేలి పగుళ్లలోకి ఆముదం చుక్క వేసుకుని, బీడీ కట్టే దారాన్నే వేలికి చుట్టుకునేది. పగులు విచ్చుకోకుండా. పొద్దున ఆ దారం విప్పి చాట పట్టేది. "నొస్తుందా అవ్వా" అంటే "ఆడిదాని చేతులు గట్లనే ఉంటయ్ బిడ్డా" అనేది. నేను కూడా అదే మాట నమ్మాను. అవ్వ పోయినప్పుడు స్నానం పోయిస్తూ ఆ చేయి పట్టుకున్నాను. బొటనవేలి మీద దారం చుట్టిన చోట చర్మం వలయంలాగ గట్టిపడి ఉంది.

చేతులు గట్లనే ఉండవు. గట్ల అయితయ్. నాకు ఈ సంగతి తెలియడానికి యాభై ఎనిమిదేళ్లు పట్టింది.

మా ఆయన మోరీ దగ్గర

మొదటి రెండు రోజులు కోడలు ఒక్కతే తోమింది. మూడోనాడు రాత్రి తిని లేవగానే మా ఆయన పళ్లెం పట్టుకుని మోరీ దగ్గరికి పోయి పీట వేసుకున్నాడు. కోడలు గాబరాగా "మామయ్యా, మీరెందుకు" అని లేచింది.

"నువ్వు పొద్దటి నుంచి కూసున్నవ్ బిడ్డా. ఇగ ఆకు కత్తిరించుకో పో."

"నీకు రాదయ్యా" అన్నాను నేను.

"ముప్పై ఏండ్లు మగ్గం తుడిచిన, నూనె పెట్టిన. గిన్నె రాదా?"

రాలేదు. నిజం చెబితే నవ్వొచ్చింది. మా పేటలో నల్లా నాలుగు రోజులకోసారి వస్తుంది. డ్రమ్ములో పట్టిన నీళ్లు నాలుగు రోజులు రావాలి. ఆయన చెంబు మీద చెంబు గుమ్మరించి రెండు రోజులకే డ్రమ్ము ఖాళీ చేశాడు. ఆ తర్వాత బోరు నీళ్లే దిక్కు. బోరు నీళ్లు ఉప్పన, నురగ రాదు, రాదని ఇంకింత సబ్బు రాస్తాడు. వారం తిరిగేసరికి ఆయన బొటనవేలి పక్కన సన్నగా పగిలింది. రాత్రి ఉల్లిగడ్డ తరుగుతుంటే మంట తగిలి "అబ్బా" అన్నాడు. నా వైపు చూశాడు. "ఏమే, ఇన్నేండ్లు గింత మంటతోని బీడీలు చుట్టినవా? చెప్పకపోతివి" అన్నాడు.

ఒకరోజు పొరుగింటి పెద్దమనిషి తలుపులోంచి చూసి "ఏందన్నా, నువ్వు బాసన్లు తోముతున్నవా?" అన్నాడు. మా ఆయన తల ఎత్తకుండానే "తిన్నది నేనే గదా" అన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఎట్లా తోముతున్నాం

డాక్టరమ్మ చెప్పినవి కొన్ని, తప్పులు చేసి నేర్చుకున్నవి కొన్ని. ఖర్చు పెద్దగా లేనివే చెబుతాను.

ముందు తుడవాలి, తర్వాత తోమాలి. సేంగా చట్నీ నూనె, కూర జిడ్డు ఉన్న గిన్నెలను పాత కాగితంతోనో గుడ్డపేలికతోనో తుడిచి పెడితే సగం సబ్బు, సగం నీళ్లు మిగులుతాయి. జొన్నపిండి అంటుకున్న పరాతు, అడుగంటిన గిన్నె తిన్న వెంటనే నానబెడితే గోళ్లతో గీకే పని ఉండదు. గోళ్లతో గీకడమే గోరుచుట్టుకు మొదటి మెట్టు.

తడి చేత్తో సబ్బు బిళ్లను రుద్ది రుద్ది తీసుకోవద్దు. అది గిన్నెకంటే చేతికే ఎక్కువ అంటుతుంది. ఒక చిన్న గిన్నెలో సబ్బు ముక్క కరిగించి, పీచు అందులో ముంచుకోవాలి. పిడి ఉన్న బ్రష్ అయితే ఇంకా మంచిది. ఇనుప పీచు మాడిన గిన్నెలకు మాత్రమే వాడుతున్నాం.

రెండు తొట్లు పెట్టుకోవాలి. ఒకదాంట్లో తోమినవి, ఇంకోదాంట్లో కడిగినవి. గ్లాసులు, పాల గిన్నె ముందు. నూనె మూకుడు ఆఖరున. ఇట్లా చేస్తే నీళ్లు కలిసొస్తాయి, చేతులు నీళ్లలో ఉండే సేపు తగ్గుతుంది. నీళ్లు గోరువెచ్చగా చాలు, వేడినీళ్లు వద్దు.

ఉంగరం తీసిపెట్టాలి. ఉంగరం కింద సబ్బు, తడి నిలిచిపోయి అక్కడే మొదట పొక్కుతుంది. మా ఆడబిడ్డకు పెళ్లి ఉంగరం కింద ఏళ్లుగా ఉన్న దురద ఈ ఒక్క పనితో తగ్గింది.

తొడుగుల సంగతి. వంటింట్లో వాడే మందపు రబ్బరు తొడుగులు తెచ్చుకున్నాం. లోపల పాత బనీను గుడ్డతో కుట్టిన తొడుగు వేసుకుంటే చెమట పీలుస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలకు మించి వేసుకోవద్దు. లోపలికి నీళ్లు పోతే వెంటనే తీసేయాలి. తడి తొడుగులో చేయి ఉంచడం కంటే ఒట్టి చేయి నయం. వాడాక తిప్పి ఆరేయాలి. చిల్లి పడితే పారేయాలి.

పని అవ్వగానే మంచినీళ్లతో సబ్బు పోయేదాకా కడిగి, వేళ్ల సందుల్లోనూ ఒత్తి తుడవాలి. కొంగుతో కాదు, పొడి గుడ్డతో. మన సోలాపూర్‌లో టవలుకు కరువా! కొద్దిగా చెమ్మ ఉండగానే వాజెలిన్ గాని కొబ్బరినూనె గాని పలచగా రాయాలి. రాత్రి పడుకునేముందు కాస్త ఎక్కువ రాసి, పలచటి నూలు గుడ్డ చుట్టుకుంటే పొద్దుటికి పగులు మెత్తబడుతుంది. బీడీ చుట్టేముందు మాత్రం రాయకండి, ఆకు జారుతుంది, బీడీకి మరక పడుతుంది. తోమిన వెంటనే రాసి, అరగంట ఆగి, తుడుచుకుని చాట పట్టండి.

గోరు మొదట్లో పొరను కత్తిరించవద్దు, లోపలికి తోయవద్దు. గోరుచుట్టు మొదలైనప్పుడు రోజుకు మూడు నాలుగుసార్లు గోరువెచ్చని నీళ్లలో కాసేపు వేలు ముంచి, బాగా తుడిస్తే చాలాసార్లు అక్కడే ఆగుతుంది. చీము కనబడితే, వాపు పాకితే, జ్వరం వస్తే దవాఖానాకే పోవాలి. పుండు మీద నిమ్మకాయ, సున్నం, బూడిద వద్దు. ఇంకొక మాట, పక్కింటివాళ్లు ఇచ్చిన ట్యూబులు రాసుకోకండి. కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట తగ్గినట్టే ఉంటుంది, రోజుల తరబడి రాస్తే చర్మం పలచబడి ఇంకా తొందరగా పగులుతుంది.

కోడలు దాచింది

ఇరవై మూడో రోజున నేను మళ్లీ చాట పట్టాను. మొదటిరోజు మూడు వందలే చుట్టాను. ఇప్పుడు మళ్లీ ఏడు వందల దాకా వచ్చాను. ఎనిమిది వందలు అవుతాయో లేదో, తొందర పడటం లేదు.

ఇది రాయడానికి అసలు కారణం నా వేలు కాదు. కట్టు విప్పిన సాయంత్రం వాజెలిన్ డబ్బా తీసి నా చేతులకు రాసుకుంటూ, ఊరికే "ఇటు తే బిడ్డా" అని కోడలి చేయి పట్టుకున్నాను. ఆమె వెనక్కి లాక్కుంది. బలవంతంగా తిప్పి చూస్తే అరచేతి మొదట్లో రెండు పగుళ్లు, ఒకదాంట్లో నెత్తురు ఎండి ఉంది. బొటనవేలికి బీడీ దారం చుట్టి ఉంది.

"ఎన్ని రోజులైంది?"

"పండుగ ముందటి నుంచి అత్తమ్మా."

"చెప్పకపోతివి."

"మీకే బాగలేదు గదా. అయినా అందరికీ ఉండేదే గదా."

మా అవ్వ మాటే. ఇరవై ఆరేళ్ల పిల్ల నోట్లోంచి. మూడు వారాలు నా పక్కన కూర్చుని, ఆ చేతులతోనే నా పాలుకు వచ్చిన గిన్నెలు కూడా తోమింది. గోడ మీద ముప్పై నాలుగు గీతలు పెట్టిన దాన్ని, ఆ చేతుల వైపు నేను ఒక్కసారి చూడలేదు.

మరునాడు ఆమెను తీసుకుని దవాఖానాకు పోయాను. రాత్రి అందరం కూర్చుని పని పంచుకున్నాం. పొద్దటి గిన్నెలు మా ఆయనవి. టవళ్ల కార్ఖానాలో రాత్రిపాళీ లేని వారాల్లో రాత్రి గిన్నెలు కొడుకువి. వాడు మొదట గొణిగాడు, ఇప్పుడు పాటలు పెట్టుకుని తోముతున్నాడు. మధ్యాహ్నానివి నేనూ కోడలూ రోజు మార్చి రోజు. ఎవరి పళ్లెం వాళ్లు తుడిచి పెట్టాలి, ఆఖరికి నాలుగేళ్ల మనవడు కూడా. గోడ మీద మళ్లీ గీతలు పెట్టి చూశాం. కోడలి పేరు మీద పంతొమ్మిది వచ్చాయి.

అక్కల్లారా, చెల్లెల్లారా, మనింట్లో బువ్వ ఈ వేళ్ల మీదే నడుస్తోంది. మగ్గం పోగు తెగితే వెంటనే ఆపి ముడివేస్తాం. వేలు పగిలితే దారం చుట్టి దాస్తాం. దాచకండి. అన్నల్లారా, ఈ రాత్రి అన్నం తిన్నాక ఇంట్లో ఆడవాళ్ల చేతులు ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. చూశాక ఏం చేయాలో నేను చెప్పక్కర లేదు. పీట మోరీ దగ్గరే ఉంటుంది.